గండయ్య ముందు బ్రేకు

నాచారంలో పాల గండయ్యను ఎరగని మనుషులు ఉన్నారేమో గానీ, అతని బండి చప్పుడు ఎరగని కుక్క మాత్రం లేదు. పాతికేళ్ల నాటి హీరో హోండా, వెనక అటొక పాల క్యాను, ఇటొక పాల క్యాను. పొద్దున్నే బయల్దేరితే మల్లాపూర్ మీదుగా ఏఎస్ రావు నగర్ దాకా ఇరవై మూడు ఇళ్లు. వాన పడ్డా, బందు జరిగినా ఆ ఇళ్లలో చాయ్ ఆలస్యమయ్యేది కాదు. తాతల నాటి జొన్నచేలు ఎప్పుడో ఫ్యాక్టరీల కిందికి పోయాయి. మిగిలినవి నాలుగు బర్రెలు, ఈ బండి. వాటి మీదే తలెత్తుకుని బతికాడు.

బండి నడపడంలో అతనిది ఒకటే మతం. బ్రేకంటే కాలితో తొక్కేదే. బండి నేర్పిన బావ మొదటి రోజే చెప్పాడు, ముందు బ్రేకు ముట్టుకుంటే పల్టీ కొడతావని. ఆ బావ ఎంతటి మేధావో మనకు తెలియదు గానీ, గండయ్య మాత్రం ఆ మాటను వేదంలా పట్టుకున్నాడు. ముందు బ్రేకు తీగ తెగి పదకొండేళ్లయినా మార్పించలేదు. చేతి దగ్గరి ఆ బ్రేకు పిడికి పాలు కొలిచే లీటరు తగిలించుకునేవాడు. ఎవరైనా నవ్వితే, "గది గందుకే పెట్టిన్రు" అనేవాడు.

నిరుడు చలికాలంలో ఒక బర్రె అతని కుడికాలు తొక్కింది. చక్కెర జబ్బు మనిషి, నొప్పి తెలియలేదు. తెలియలేదు కాబట్టి చూసుకోలేదు. భార్య బాలనర్సమ్మ చూసేసరికి వేళ్లు నల్లబడ్డాయి. దవాఖానలో పాదం ముందు సగం తీసేశారు. ప్రాణం దక్కింది, అంతే చాలనుకోమన్నారు. అనుకోవడం అంత సులువైతే ఎవరికీ ఏ దుఃఖమూ ఉండదు.

మూడు నెలలు మంచం మీదున్నాడు. బర్రెల పాలు బాలనర్సమ్మ పిండి పక్క వీధి స్వీటు దుకాణానికి పోసేది. కర్ర లేకుండా నడవడం మొదలుపెట్టిన రోజే గండయ్య బండి మీది గుడ్డ తీశాడు. కొడుకు హరీష్, చర్లపల్లిలో ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, అది చూసి గట్టిగానే అన్నాడు.

"బండి అమ్మేద్దాం నాయినా. నీకు తిండి పెట్టలేనా నేను?"

"తిండి ఎవడు అడిగిండ్రా? పొద్దుగాల లేస్తే ఏడికి పోవాలె నేను?"

ఆ వారమే ఏఎస్ రావు నగర్ నుంచి శారదమ్మ ఫోన్ చేసింది. ఆమె భర్త రిటైరైన ఇంజినీరు. ఇరవై ఏళ్లుగా వాళ్లింట్లో గండయ్య పాలే. "ఈ నెలాఖరు దాకా చూస్తాం గండయ్యా. ఆ తర్వాత ఎవరినో ఒకరిని పెట్టుకోక తప్పదు" అంది. మంచి మాటగానే అంది. అయినా గండయ్యకు ఆ పూట ముద్ద దిగలేదు. ఒక్క ఇల్లు పోతే మిగతావీ పోతాయి, నాచారంలో తనూ అరుగుల మీద కూర్చునే ముసలివాళ్లలో ఒకడైపోతాడు. అతని భయమంతా అదే.

మర్నాడు బండిని నడిపించుకుంటూ నాగేందర్ షెడ్డుకు పోయాడు. నాగేందర్ మెకానిక్కు, వరసకు మేనల్లుడు. బండిని చూడకముందే అతను మామ కాలి వంక చూశాడు.

"ఎనక బ్రేక్ ఇగ నీతోని కాదు మామా. ముందట డిస్క్ బ్రేక్ ఏస్త. రెండు ఏళ్లతోని పట్టినా ఆగుతది."

ఉప్పల్ తుక్కు దుకాణంలో, ఎవరో గుద్ది పాడుచేసుకున్న కొత్త బండి ముందు భాగం దొరికింది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే పాత ఫోర్కు ఊడదీసి అది ఎక్కించడానికి రెండు రోజులు పట్టింది. గండయ్య పీట వేసుకుని కదలకుండా చూశాడు. చివర్న బ్రేకు ఆయిల్ పోసి, గొట్టంలోని గాలి పోయేదాకా పిడిని నొక్కి వదలమన్నాడు నాగేందర్. మొదట పిడి మెత్తగా లోపలికి పోయింది. నొక్కగా నొక్కగా గట్టిపడింది. తోసి చూస్తే ముందు చక్రం నేలకు అతుక్కున్నట్టు ఆగింది. మూడు నెలల తర్వాత గండయ్య మొహంలో నవ్వు చూసింది ఆ షెడ్డే.

ఇల్లు అలకగానే పండగ కాదని నాగేందర్‌కు తెలుసు. ఆదివారం సాయంత్రం మూతబడ్డ ఫ్యాక్టరీ వెనక ఖాళీ జాగాకు తీసుకుపోయాడు. క్యాన్ల నిండా నీళ్లు పోశాడు. స్పానరు తీసి వెనక బ్రేకు పెడల్ ఊడదీసి, గండయ్యకు చూపించి మరీ జేబులో వేసుకున్నాడు.

"గదెందుకు తీస్తున్నవ్ రా?"

"నీ కాలు ఊకోదు మామా. అది ఉంటే అటే పోతది. చెయ్యికి అలవాటు కానీ, మళ్ల పెడత."

గండయ్య మడమతో కిక్కు కొట్టాడు. నాగేందర్ చెయ్యెత్తగానే ముందు బ్రేకు పట్టి ఆపాలి. ఒకసారి ఆపాడు. రెండోసారి ఆపాడు. తొమ్మిదిసార్లూ గీత గీసినట్టు ఆపాడు. "రేపు పోయొస్తరా పాలకు" అని అరిచాడు. నాగేందర్ కూడా నమ్మాడు, పాపం.

పదోసారి బండి వేగం అందుకుంది. పక్కన నిలిపిన లారీ చాటు నుంచి బాలనర్సమ్మ చాయ్ ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది. బండి చప్పుడు ఫ్యాక్టరీ గోడకు కొట్టి అటు నుంచే వస్తున్నట్టు వినబడితే, మొగుడి కోసం ఆ వైపు వెతుక్కుంటూ, బండికి వీపు పెట్టి నిలబడింది.

గండయ్య చూశాడు. చూసిన క్షణమే బ్రేకు తొక్కాడు. బొటనవేలు ఆనడం, పెడల్ కిందికి దిగడం అన్నీ తెలిశాయి. ప్రాణమంతా కాల్లోకి తెచ్చుకుని తొక్కాడు. హ్యాండిల్ తగిలి బాలనర్సమ్మ మోచేతి మీద పడింది. బండి పోయి ఇసుక కుప్పలో దిగబడి ఆగిపోయింది.

"తొక్కిన రా! మొత్తం తొక్కిన! నువ్వు బిగించిన బ్రేకు పట్టలే!" అరిచాడు గండయ్య.

అత్తను లేపి కూర్చోబెట్టిన నాగేందర్ తలెత్తాడు. తిట్టలేదు. "ఏం తొక్కినవ్ మామా?" అన్నాడు మెల్లగా.

గండయ్య కిందికి చూశాడు. పెడల్ లేదు. ఆ చోట గుడ్డ చుట్టిన సగం పాదం గాల్లో కిందికి ఒంగి ఉంది. చూస్తూ కూడా, లేని వేళ్లతో ఇంకా తొక్కుతూనే ఉన్నాడు. కుడి చేతి వేళ్లు ఐదూ హ్యాండిల్‌ను పిడికిట్లో బిగించి ఉన్నాయి. బ్రేకు పిడి మీద ఒక్కటీ లేదు.

"మామనేమనకు నాగేందర్" అంది బాలనర్సమ్మ, వేలాడుతున్న చేతిని ఒళ్లో పెట్టుకుని. "ఆయన బ్రేక్ ఏసిండు. నేను సూసిన. నేనే అడ్డమొచ్చిన."

ఆమె చూసింది ఏమీ లేదు. ముప్పై ఆరేళ్ల కాపురంలో ఆమె తన కోసం ఇంత పెద్ద అబద్ధం చెప్పడం గండయ్య ఎరగడు. ఆ మాట విన్నాకే అతనికి ఏడుపొచ్చింది. బండి దిగి, తాళంచెవి తీసి నాగేందర్ చేతిలో పెట్టాడు.

"ఇగ నాకియ్యకు. అడిగినా ఇయ్యకు, ఏడ్సినా ఇయ్యకు. ఆటోను పిలువురా, మీ అత్తకు చెయ్యి ఇరిగింది."