కుడివైపు గీత

మొన్న గుండె పరీక్షకని ఆబిడ్స్‌లో ఒక క్లినిక్‌కి వెళ్ళాను. పక్క గదిలో పాత యంత్రమేదో కాగితం మీద సన్నగా గీరుతున్న చప్పుడు వినిపించి ఒళ్ళు జలదరించింది. "చలిగా ఉందా అమ్మా?" అని నర్సు అడిగింది. చలి కాదు. డెబ్భైల్లో, నాంపల్లి దగ్గర మా ఆసుపత్రిలో, విమల మేడమ్ పక్కన నిలబడి విన్న చప్పుడది.

నేనప్పుడు ఫిజిక్స్ డిగ్రీ అయి కొత్తగా చేరిన టెక్నీషియన్ని. నాన్నగారి ఉద్యోగం వెంట గుడివాడ నుంచి వచ్చిన కుటుంబం మాది. డాక్టర్ విమల మా విభాగానికి పెద్ద. సుల్తాన్ బజార్ సందుల్లో పుట్టి పెరిగిన మనిషి. మాతో ఒక తెలుగు, రోగులతో ఇంకో తెలుగు మాట్లాడేవారు. ఆవిడ చేసే పరీక్ష చాలామంది డాక్టర్లకే కొత్త. రవ్వంత రేడియోధార్మిక మందు నరంలోకి ఎక్కించి, వీపు వైపు ఒక్కో మూత్రపిండానికి ఎదురుగా ఒక్కో గొట్టం పెడతాం. ఆ గొట్టాలు కిరణాలను పసిగడుతుంటే రెండు కలాలు కాగితం మీద గీస్తాయి. మందు చేరితే గీత లేస్తుంది, మూత్రంతో బయటికి పోతే దిగుతుంది.

ఒకరోజు లచ్చవ్వ అనే ఆమె నెలల పసివాణ్ణి తెచ్చింది. ఆమె భర్త బేగం బజార్‌లో మూటలు మోసేవాడు. బిడ్డకు ఎడమవైపు కడుపు ఉబ్బి ఉంది. మూత్రం దిగక ఆ మూత్రపిండం వాచిపోయిందని, ఇక పనికిరాదని, మర్నాడు తీసేయాలని సర్జన్ నిర్ణయించాడు. ఎక్స్‌రేలో కుడివైపు సరిగ్గా కనబడలేదు. వాపు లేదు గనక బాగానే ఉందని అందరం అనుకున్నాం.

"గడ్డ తీసేస్తె అయిపాయె గద డాక్టరమ్మా, మల్ల గీ సూది ఎందుకు?" అని లచ్చవ్వ ఏడ్చింది.

"జర ఓపిక పట్టు తల్లీ. తీసేటిది తీస్తరు. ఉండేటిది ఎట్లున్నదో సూడొద్దా?" అన్నారు మేడమ్.

పాలు తాగి బిడ్డ బోర్లా నిద్రపోయాక పరీక్ష మొదలుపెట్టాం. ఎడమ గీత మెల్లగా లేచి, దిగకుండా పైనే నిలిచింది. కుడి గీత కాస్త వణికి, చాప పరిచినట్టు పడుకుంది. గొట్టం చెడిపోయిందనుకున్నాను. మేడమ్ ఎడమ గొట్టాన్ని కుడికీ, కుడి గొట్టాన్ని ఎడమకీ మార్చారు. ఇందాక లేవని కలం ఇప్పుడు ఎడమవైపు పైకి లేచింది. కుడివైపు మళ్ళీ అదే చదును. యంత్రంలో దోషం లేదు.

మేడమ్ నా భుజం పట్టుకున్నారు. "కుడిది పనే చెయ్యట్లేదు. వీడు బతుకుతున్నది ఆ వాచిన కిడ్నీతోనే" అన్నారు. రేపు తీసి పారేయబోతున్నది దాన్నే.

సర్జన్ వచ్చి కాగితం చూశాడు. స్టూలు మీద కూలబడి, "పొద్దున్నే తీసేసేవాణ్ణి... తీసేసేవాణ్ణే" అన్నాడు.

"మనందరం వాచిన వైపే చూశాం" అన్నారు మేడమ్.

తర్వాత ఆవిడ వెళ్ళి లచ్చవ్వ పక్కన నేల మీద కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పారు.

"అంటే... రేపు కోసుంటే నా కొడుకు?"

"బతికేటోడు కాదు తల్లీ."

లచ్చవ్వ రెండు అరచేతులతో బిడ్డ వీపు కప్పేసి, మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది.

వరండాలోకి రాగానే, "ఎలాగూ ఆపరేషన్ ఆగిపోయింది కదా మేడమ్, ఆమెకు చెప్పకపోతే ఏం పోయేది?" అన్నాను కోపంగా.

"రెండోది పనిచెయ్యదని తెలియకపోతే, రేపు మూత్రంలో చీము పట్టి పిల్లాడికి జ్వరమొస్తే ఏదో గోలీ వేసి ఊరుకుంటుంది, ఉన్న ఒక్కటీ పాడవుతుంది. వాణ్ణి కాపాడుకోవాల్సింది ఆమె. మనం కాదు."

సర్జన్ మూత్రపిండాన్ని తీయలేదు. మూత్రం దిగే చోట ఇరుకైన భాగాన్ని మాత్రం కోసి, తిరిగి కలిపి కుట్టాడు. కొన్ని నెలల తర్వాత మళ్ళీ పరీక్ష చేస్తే ఎడమ గీత లేచి, ఒక్క క్షణం ఆగి, కిందికి వంగింది. "దిగుతోంది" అన్నారు మేడమ్. ఆ తర్వాత ఒళ్ళు కాస్త వేడెక్కినా లచ్చవ్వ పిల్లాణ్ణి ఎత్తుకుని పరుగున దవాఖానాకు వచ్చేది. వాడు బడికి పోయే వయసు దాకా నేను చూశాను.

మేడమ్ ఇప్పుడు లేరు. నేను ఉద్యోగం మానినా బంధువులూ ఇరుగుపొరుగూ ఆసుపత్రి కాగితాలు నా దగ్గరికే తెస్తారు. జబ్బు లేదన్న వైపు ఏముందో ముందు చూస్తాను. చెడ్డ మాట చెప్పాల్సి వస్తే మాత్రం నిలబడి చెప్పలేను. పక్కన కూర్చుంటాను, చెబుతాను, వాళ్ళు లేచేదాకా లేవను.