రాతి వీరుడికి కావలసిన సంతకం

వికారాబాద్ కోర్టు ఎదురుగా నాకు ఒక డీటీపీ, జిరాక్స్ దుకాణం ఉంది. పెళ్లి పత్రికలు, అఫిడవిట్లు, బడి పిల్లల ప్రాజెక్టులు, ఇదే నా రోజువారీ పని. మూడేళ్ల కింద తాండూరులో మా తమ్ముడు అద్దె ఇల్లు మారుతుంటే సామాను సర్దడానికి వెళ్లాను. అటక మీది రేకు పెట్టెలో మా చిన్నప్పటి కామిక్ పుస్తకాలు దొరికాయి. మొత్తం పన్నెండు. అట్టలు ఊడిపోయినా పేజీలన్నీ ఉన్నాయి.

ఆ పుస్తకాల్లోని వీరుడు ఒక గని కూలీ. బండలు కూలి వాటి కింద పడతాడు. అప్పటి నుంచి రాయి అతనికి దారి ఇస్తుంది. ఒక గోడలోకి నడిచి వెళ్లి, ఎక్కడో ఇంకో గోడలోంచి బయటికి వస్తాడు. అప్పట్లో నేను చదివిన బొమ్మల పుస్తకాల్లో వీరులందరూ గ్రాంథికం మాట్లాడేవారు. ఇతనొక్కడే మా వీధిలో మనుషులు మాట్లాడినట్టు మాట్లాడేవాడు. ఆ రోజు సామాను సర్దడం మానేసి, అటక కిందే కూర్చొని పన్నెండూ చదివాను. ఇవి మళ్లీ అచ్చు కావాలని అప్పుడే అనుకున్నాను. ఆ పని నేనే చేయాలనీ అనుకున్నాను.

హక్కుల సంగతి నాకు కొంత తెలుసు కాబట్టి ముందు వాటికోసమే తిరిగాను. పుస్తకాలు వేసిన హైదరాబాదు ప్రెస్ ఎప్పుడో మూతబడింది. యజమాని కొడుకు మర్యాదస్తుడు. తమ దగ్గర ఒప్పంద పత్రాలేవీ లేవని, తమకు అభ్యంతరం లేదని కాగితం రాసిచ్చాడు. బొమ్మలు గీసినాయన తాండూరులోనే ఉన్నాడని కూడా ఆయనే చెప్పాడు.

ఆయన పాతకాలపు సైన్‌బోర్డు పెయింటర్. ఎనభై దాటాయి. కూతురి దగ్గర ఉంటున్నాడు. నేను వెళ్లేసరికి వాకిట్లో కూర్చొని కందులు చెరుగుతున్నాడు. పుస్తకాలు చేతికిస్తే ఒక్కొక్కటే తీసుకొని వాసన చూశాడు. నేను తెచ్చిన ఒప్పంద పత్రం మాత్రం ముట్టుకోలేదు.

"బొమ్మలు నావి బిడ్డా. కథ నాది గాదు. కథ జెప్పినాయన సంతకం లేకుండ నేనెట్ల పెడత?"

పుస్తకాల్లో కథకుడి పేరు ఎక్కడా లేదు. ఇంకో మనిషి ఉన్నాడని నాకు అప్పుడే తెలిసింది. "ఆయన ఎక్కడుంటరు పెద్దనాయినా?" అని అడిగాను.

"పొద్దుగాల వచ్చి పోయిండు."

అయితే సాయంత్రం దాకా ఆగుతానన్నాను. ఆయన కూతురు నన్ను గేటు దాకా తీసుకొచ్చి గొంతు తగ్గించింది. "అక్కా, ఆ కథ జెప్పినాయన నీళ్లు నిండిన బండల గనిల వడి నలభై ఏండ్లయితుంది. బండలు కొలిచే మేస్త్రి ఆయన. గని అంచుమీద చెప్పులు, టిఫిన్ డబ్బా దొరికినయి. మూడు దినాలు ఎతికిన్రు. పీనుగ దొరకలే. మా నాయినకు మతి మంచిగనే ఉంటది. గీ ఒక్క మాట కాడనే గిట్ల."

నేను వెనక్కి వచ్చి, మేస్త్రి పోయేనాటికి ఎన్ని పుస్తకాలు అయ్యాయని అడిగాను.

"ఆరు," అన్నాడు పెయింటర్.

"మరి మిగిలిన ఆరు ఎవరు చెప్పిన్రు?"

"ఆయనే జెప్పిండు. నేను గీసిన." చాటలోంచి తల కూడా ఎత్తలేదు.

మర్నాడు నా దుకాణానికి రోజూ వచ్చే వకీలును అడిగాను. "అక్కా, కథ రాసినోడు పోతే హక్కు ఇంటోళ్లకు వస్తది. పోయినంక అరవై ఏండ్ల దాక ఉంటది," అన్నాడు. "కానీ పోయినట్టు కాగితం ఉండాలె గద. పీనుగ లేదు, సర్టిఫికెట్ లేదు. కాగితాల లెక్క జూస్తే ఆయన ఇంక ఉన్నట్టే. ఏడేండ్లు ఎవలకు కనబడకపోతే, చచ్చిపోయిండని కోర్టుతోని చెప్పించుకోవచ్చు. దానికి పిటిషన్ ఇంటోళ్లే వెయ్యాలె."

"ఆయన పోయినంక చెప్పిన కథలకు?" అని అడిగాను.

వకీలు నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు.

ఇంటివాళ్లను వెతుకుతూనే పేజీలు స్కాన్ చేయడం మొదలుపెట్టాను. మొదటి ఆరు పుస్తకాలూ మామూలుగానే అయిపోయాయి. ఏడో పుస్తకం చివరి పేజీని తెరమీద పెద్దది చేసి మరకలు తుడుస్తున్నాను. చివరి బొమ్మ గడిలో, వీరుడికి చాలా వెనుక ఒక మచ్చ ఉంది. దాన్నీ తుడవబోయి ఇంకా పెద్దది చేశాను. అది మచ్చ కాదు. మనవైపు వీపు పెట్టి నిలబడిన మనిషి. తెల్ల చొక్కా. కుడి భుజం కింద సన్నని ఎర్ర గీత.

అచ్చులో రంగు పక్కకు జరిగి ఉంటుందనుకున్నాను. ఎనిమిదో పుస్తకం చివరి గడి తీశాను. అతను అక్కడా ఉన్నాడు. అదే చొక్కా, అదే చోట అదే గీత. పన్నెండు దాకా చూశాను. చిన్నప్పుడు ఆ పేజీలు ఎన్నిసార్లు తిప్పి ఉంటానో. ఒక్కసారి కూడా నాకు కనబడలేదు. మిట్టమధ్యాహ్నం, బయట కోర్టు జనం, పక్కన చాయ్ బండి చప్పుడు. అయినా లేచి దుకాణంలోని లైట్లన్నీ వేశాను.

మేస్త్రి భార్య బంట్వారం దగ్గర ఒక పల్లెలో ఉంటుందని పెయింటర్ కూతురే కనుక్కొని చెప్పింది. డెబ్బై ఏళ్ల మనిషి. పిల్లలు లేరు. బడిలో వంట చేసి, ఈమధ్యే మానేసింది. నుదుట రూపాయంత బొట్టు, చేతుల నిండా గాజులు, కాలికి మెట్టెలు. వితంతువును కలవబోతున్నానని దారంతా మాటలు కూర్చుకుంటూ వెళ్లిన నాకు ఒక్క మాటా పనికి రాలేదు.

పుస్తకాలు చూపించాను. ఆమెకు చదువు రాదు. బొమ్మలు చూస్తూ, "గీ కథలు నాకు ముందుగాల జెప్పెటోడు," అని నవ్వింది. తర్వాత నేను పెద్దవి చేసి అచ్చు తీసిన చివరి గడులు ఇచ్చాను. మొదటి కాగితం చూస్తూ చూస్తూ ఆ ఎర్ర గీత మీద వేలు పెట్టింది. చాలాసేపు తీయలేదు.

"గీ కుట్టు నాది," అంది.

మిగిలిన కాగితాలూ ఆమె ముందు పరిచాను.

"ఆ పొద్దు అంగీ చినిగింది బిడ్డా. తెల్లదారం అయిపోయింది. ఎర్రదారంతోని కుట్టిన. ఎవలు జూస్తర్లే అనుకుంట తొడుక్కొని సీదా గనికే పోయిండు. మళ్ల రాలే." కాగితం మోకాలి మీద పెట్టుకుంది. "పెయింటర్ ఆ దినం ఊర్ల లేడు. అచ్చు పని మీద హైదరాబాదు పోయిండు. మూడో దినం వచ్చిండు. గీ కుట్టు ఆయనెప్పుడు జూసిండు?"

ఆ ప్రశ్న పట్టుకొని మళ్లీ తాండూరు వెళ్లాను. పెయింటర్ కాగితాలు దగ్గరికి పెట్టుకొని చూసుకున్నాడు.

"ఇది ఎట్ల గీసిన్రు పెద్దనాయినా? ఎవరన్న చెప్పిన్రా?"

"ఎవలు జెప్తరు? వచ్చి గోడ దిక్కు తిరిగి నిలవడతడు. కథ జెప్తడు. కనబడేది వీపే. కనబడ్డది గీసిన." కాస్త ఆగి, "ముఖం జూపెట్టుమని నేను అడగలే. అడగబుద్ధి గాలే," అన్నాడు.

ఆయన గొంతులో భయం లేదు. నాకే ఆ ఇంటి గోడల వైపు చూడాలనిపించలేదు. తాండూరు ఇళ్లలో కింద బండ, అరుగు బండ, సగం గోడ కూడా బండే. స్టేషన్‌కు నడిచినంతసేపూ రోడ్డు మధ్యలోనే నడిచాను.

పిటిషన్ నమూనా తయారు చేసి మళ్లీ బంట్వారం వైపు వెళ్లాను. కోర్టు ఉత్తర్వు వస్తే ఒప్పందం మీద ఆమె వేలిముద్ర చెల్లుతుంది. ఆమె వేలిముద్ర వేస్తే తానూ సంతకం పెడతానని పెయింటర్ ఒప్పుకున్నాడు. పుస్తకం మీద ఆమె భర్త పేరు మొదటిసారి అచ్చవుతుంది. ఇదంతా ఆమెకు చెప్పాను. పిటిషన్‌లో ఏముందో చదవమంది. చదివాను. 'మరణించినట్లు ప్రకటించవలసిందిగా' అన్నచోట చెయ్యి అడ్డం పెట్టింది.

"నలభై ఏండ్ల సంది నేను అనని మాట, నీ పుస్తకం కోసం అనాల్నా?"

సిగ్గుతో తల దించుకున్నాను. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటుంటే ఆమే మళ్లీ మాట్లాడింది.

"కథ ఆయనది. అడిగేదుంటే ఆయన్నే అడుగు. ఒక కాగితం రాయి."

అక్కడే కూర్చొని చేత్తో రాశాను. మేస్త్రిగారికి నమస్కారాలు, మీరు చెప్పిన కథలు మళ్లీ అచ్చు వేయాలని ఉంది, మీ అనుమతి కావాలి. ఆమె లోపలి అర్ర తలుపు తీసి, గడప దగ్గర నిలబడి గట్టిగా చదవమంది. లోపల వడ్ల సంచులు, ఒక మంచం, వెనుక బండరాతి గోడ. మధ్యాహ్నపు ఎండ ఆ గోడ సగం దాకా పడుతోంది. చదవడం మొదలుపెట్టాక నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అయిపోయాక ఇద్దరం ఊరికే నిలబడ్డాం. ఎవరో ఆలోచించుకుంటుంటే జవాబు కోసం ఆగినట్టు ఆమె తల కొంచెం పక్కకు వంచింది.

"ఇప్పుడే ఏమనడు," అంది చివరికి, నా చేతిలోని కాగితం తీసుకొని లోపల మంచం మీద పెడుతూ. "ఏదడిగినా జర టైం తీసుకుంటడు. పోయి రా బిడ్డా."

పుస్తకాలు అచ్చు కాలేదు. స్కాన్లు నా కంప్యూటర్‌లో ఉన్నాయి. వకీలు అప్పుడప్పుడు అడుగుతాడు, కాపీరైట్ ఆఫీసుకు రాసి చూద్దామంటాడు. వద్దంటాను. నెలకోసారి ఆమె పక్కింటివాళ్ల ఫోన్ నుంచి నాకు ఫోన్ చేస్తుంది. వానలు, కందిచేలు, మోకాళ్ల నొప్పి, అన్నీ మాట్లాడుతుంది. ఆ సంగతి మాత్రం నేను అడగను. ఆమే పెట్టేసేముందు చెబుతుంది.

"ఇంక ఏమనలే బిడ్డా. కాగితమైతే జూసిండు."