కరాచీ అక్కకు వారం రోజులు

2013 జనవరి, పండుగ సెలవులు. అరవై అయిదేళ్లు దాటిన పాకిస్తానీయులకు పంజాబ్‌లోని అటారీ సరిహద్దులోనే వీసా ఇచ్చే ఏర్పాటు మొదలవ్వాల్సిన వారం. మా అల్వాల్‌లో ద్రాక్ష అమ్మే యూసుఫ్‌ది శామీర్‌పేట దగ్గరి ఊరు. వాళ్లమ్మ ఫాతిమాబీకి ఒక అక్క ఉంది, ఆమె పెళ్లై కరాచీ వెళ్లి యాభై ఏళ్లు. తర్వాత ఒక్కసారే చూసుకున్నారట. కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్తాను కదా, ఆ అక్క ఈ వీసాతో వస్తుందని, కొత్త నిబంధనలు చదివి చెప్పమని యూసుఫ్ అడిగితే వాళ్ల ఊరికి బయల్దేరాను.

ఎనిమిదిన్నరకు అల్వాల్‌లో మేడ్చల్ వెళ్లే ప్యాసింజరు ఎక్కాను. బొల్లారం దాటాక పేపరు తెరిస్తే మొదటి పేజీలోనే ఉంది. సరిహద్దులో మన జవాన్లను చంపిన తర్వాత ప్రభుత్వం ఆ వీసా ఏర్పాటును ఆపేసింది.

ఎదురుగా కూర్చున్న మాజీ సైనికుడు కూడా అదే చదువుతున్నాడు.

"ఆపకుంటే ఎట్ల సార్? మనోళ్లు సచ్చిండ్రు."

నిజమే అన్నాను. చెల్లెలిని చూడ్డానికి కరాచీ నుంచి ఒక ముసలామె రావాల్సి ఉందని మాత్రం చెప్పాను. ఆయన పేపరు మడిచాడు. గుండ్లపోచంపల్లిలో దిగుతూ, "ఆమె జేసిందేముంది పాపం" అన్నాడు.

తొమ్మిదింబావుకు మేడ్చల్‌లో దిగి, షేర్ ఆటోలో శామీర్‌పేట వైపు వెళ్లాను. దారి పొడవునా ద్రాక్షతోటలు, వాటి పక్కనే ప్లాట్ల హద్దురాళ్లు.

ఫాతిమాబీ తన అక్క కోసం గదికి సున్నం వేయించి, కొత్త పరుపు తెప్పించింది. చాయ్ అయ్యాక పేపరులో వచ్చింది చెప్పాను. విన్నాక ఆమె, "మొత్తానికే బందా?" అని అడిగింది.

"ఇప్పటికి ఆపిండ్రమ్మా. పాత పద్ధతి వీసా ఉన్నది. నెలలు పడ్తది."

యూసుఫ్ కరాచీకి ఫోన్ కలిపాడు. అక్కాచెల్లెళ్లు ఉర్దూలో మెల్లగా మాట్లాడుకున్నారు. ఫోన్ పెట్టేసి ఫాతిమాబీ నా వైపు తిరిగింది.

"సచ్చిపోయిన గా పోరగాండ్లకు తల్లులున్నరా అని మా అక్క అడుగుతాంది. ఏం జెప్పాలె సారూ?"

ఉన్నారనే చెప్పాను. ఆమె కళ్లు తుడుచుకుని, "ఇగ ఆ పాత కాయితమే రాయి" అంది.

అక్క తమ ఇంట్లోనే ఉంటుందని రాసి ఆమెకు పంపాల్సిన హామీపత్రం పూర్తయ్యేసరికి పన్నెండు దాటింది. వాళ్లింట్లోనే జొన్నరొట్టె తిని ఒంటిగంటకు సికింద్రాబాద్ బస్సెక్కాను. పొరుగు దేశాలతో సంబంధాలంటే ఇన్నేళ్లూ చర్చలు మొదలవడం, ఆగడం, మళ్లీ మొదలవడం అనే చెప్పాను. ఆగినప్పుడల్లా ఎవరి ఇంట్లో ఏం ఆగిందో ఎన్నడూ ఆలోచించలేదు.

హకీంపేట దాటాక, పోస్టు చేస్తానని తెచ్చిన హామీపత్రం తీసి మళ్లీ చూసుకున్నాను. ఎన్ని రోజులుంటారన్న చోట పొద్దున నేను నెల అని రాయబోతే ఫాతిమాబీ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"వారమనే రాయి సారూ. ఎక్కువ రాస్తే ఇయ్యరేమో."