రస్కు డబ్బా అడుగున

నిన్న బచేలీలో మా పాప ఇంగ్లిష్ పాఠం చదువుతూ, "అమ్మా, క్రంబ్స్ అంటే ఏంటి?" అని అడిగింది. తెలుగులో ఏమనాలో తోచలేదు. నలుసంటే కంట్లో పడేది, నూకలంటే బియ్యానివి. మరి రొట్టె నుంచి, రస్కు నుంచి రాలే దాన్ని మీ ఇళ్లల్లో ఏమనేవాళ్లు?

కిరండూల్ ఇనుప గని క్వార్టర్లలో పెరిగినవాళ్లకి ఆ రస్కుల రేకు డబ్బా గుర్తుందా? నాన్న గనిలో షిఫ్టు దిగి, ఎర్రదుమ్ము చొక్కాతోనే బజారుకెళ్లి పంచదార రస్కులు తెచ్చేవారు. నిండు రస్కులు మాకు. అడుగున రాలిన పొడిని టీలో కలుపుకుని చెంచాతో తినేది అమ్మ. పాపం, మాకు పెట్టి మిగిలింది తినేదని ఇన్నేళ్లూ నాకు మనసులో ఉండిపోయింది.

ఆ మాటే పక్కన చింతపండు గింజలు తీస్తున్న అమ్మతో అన్నాను. అమ్మ పకపకా నవ్వింది.

"త్యాగమా, పాడా! రస్కు మీది పంచదారంతా డబ్బా అడుక్కే కదే దిగేది! ముందే చెబితే నాకు మిగలనిచ్చేవాళ్లా మీరు?"

పాపకి ఇక అర్థం చెప్పాల్సిన పని లేకపోయింది. అప్పటికే మా రస్కు డబ్బా బోర్లించి అరచేతిలోకి దులుపుకుంటోంది.