అంతోని వారి చేతిలో లేని పసివాడు

ఆంధ్ర, తెలంగాణ కలిసిన కొత్తలో పని మీద ఆదిలాబాద్ జిల్లాకు వెళ్తున్నాను. పెద్దపల్లిలో రైలెక్కిన ఒక ముసలమ్మ నా ఎదుట కూర్చుని మూట విప్పింది. అందులో పునీత అంతోని వారి చిన్న చెక్క స్వరూపం ఉంది.

గుంటూరు వైపు మా కతోలిక ఇళ్లలో పునీతులందరిలోకీ ఆయన దగ్గరే చనువెక్కువ. తాళంచెవి పోయినా, గేదె తప్పిపోయినా ఒక కొవ్వొత్తి వెలిగిస్తే వెతికిపెడతాడని నమ్మకం. అయితే ఆయన ఎప్పుడూ ఎత్తుకుని ఉండే బాలయేసు ఈ స్వరూపం చేతుల్లో లేడు.

"పసివాడు విరిగిపోయాడా అమ్మా?" అన్నాను.

"ఇరగలే బిడ్డా. నేనే తీసిన," అంటూ కొంగు ముడి చూపించింది. "నా కొడుకు బొగ్గుబాయిల దిగిండు, మల్ల రాలే. లోపల అగ్గి పుట్టిందని గోడ కట్టి మూసిండ్రు. దొరలేమో నీ కొడుకు ఆ పొద్దు పనికే రాలే, ఏడికో పారిపోయిండు అంటరు. సద్ది కట్టి తోలింది నేను. అందుకే నా పోరన్ని తెచ్చియ్యి, నీ పోరన్ని ఇస్త అన్న ఈయనతోని. పానంతోని అడుగుతలేను. బొక్కలు దొరికినా సాలు, బొంద పెట్టుకుంట."

మా తాళంచెవులు వెతకడానికి తీరిక దొరికిన ఆయన మీద నాకు ఒళ్లు మండింది. అయినా అలవాటు చొప్పున, "పునీతుడితో పంతమా? పాపం కాదూ?" అన్నాను.

ఆమె కొంగు ముడి ఇంకాస్త బిగించింది.

"ఆయనకేం ఫికర్ బిడ్డా? ఆయన పిలగాడు ఏడున్నడో ఆయనకు ఎరుకే."