ఉమ ఆంటీ, ఇద్దరు బుజ్జిగాళ్ళు, పోర్చుగల్

ఉమ ఆంటీకి ఒకటే అలవాటు. తాను ముందు అనుభవించి చూడనిది ఇంకొకరి నెత్తిన పెట్టదు. వినడానికి ఇది సుగుణంలాగే ఉంటుంది. ఆ ఇంకొకరు నూట నలభై పౌండ్ల కుక్కలైనప్పుడు మాత్రం చూసేవాళ్ళకి కొంచెం కంగారుగా ఉంటుంది. అమెరికాలో మేముండే క్యారీ ఊళ్ళో కుక్క బిస్కెట్టు కొరికి, "ఉప్పు లేదు, కానీ కరకరలాడుతోంది" అని షాపులో అమ్మాయికి చెప్పిన మనిషి ఆవిడొక్కతే అయ్యుంటుంది.

ఆవిడకి రెండు గ్రేట్ డేన్ జాతి కుక్కలు. పేర్లు చంటి, బుల్లోడు. ఊరికే నిలబడితే చాలు, డైనింగ్ టేబుల్ మీద పప్పుగిన్నెలోకి తొంగి చూస్తాయి. చంటిని ఎవరో వదిలేస్తే తెచ్చుకుంది. బుల్లోడిని వదిలేసింది నేనే. కోవిడ్ రోజుల్లో ముచ్చటపడి కొన్నాను, ఏడాది తిరక్కుండా మా పాపకి ఎలర్జీ అని తేలింది. ఆంటీ "ఇటివ్వు" అని గొలుసు అందుకుంది. ఆ తర్వాత మూడేళ్ళూ, వాణ్ణి పెరట్లోకి పంపారని ఫోన్‌లో తెలుసుకున్నాకే నేను వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. వాడి మొహం చూడడానికి సిగ్గు.

ఈ ఏడాది ఆంటీ అద్దెకున్న ఇంటిని ఓనరు అమ్మకానికి పెట్టాడు. స్కూలు క్యాంటీన్‌లో ఇరవై ఏళ్ళు వడ్డించి రిటైరైన మనిషి, అంకుల్ పోయారు, నెలనెలా వచ్చే సోషల్ సెక్యూరిటీ పింఛను అంతంతమాత్రం. ఆ డబ్బుకి దొరికే అపార్ట్‌మెంట్లన్నిటిలోనూ కుక్కకి ఇంతే బరువుండాలని రూలు. ఆ రూలు ప్రకారం బుల్లోడి తలకాయ వరకే లోపలికి రావచ్చు.

"ఎవరికైనా ఇచ్చెయ్యండి ఆంటీ" అంది మా ఆవిడ నీహారిక.

"నన్ను ఎనిమిదేళ్ళప్పుడు పెంచుకోమని మా మేనత్తకిచ్చేశారమ్మా. అదీ చూశాను. బాలేదు."

"పోనీ విజయవాడ వెళ్ళిపోతే?"

అదీ చూసింది. జులైలో ఏసీ ఆపేసి, కుక్కల బొచ్చుకి బదులుగా ఉన్ని కోటు తొడుక్కుని మూడు గంటలు సోఫాలో కూర్చుని, చెమటలు కక్కుకుంటూ "విజయవాడ వద్దు" అంది. చివరికి పోర్చుగల్ తేలింది. చల్లటి ఊరు, పెరడున్న చిన్న ఇల్లు, ఆవిడకొచ్చే డబ్బు సరిపోతుంది. సరిపోతుందని ఎవరో చెబితే నమ్మదు కదా, మూడు నెలలు క్యారీలోనే పోర్చుగల్ కాపురం చేసింది. కారు షెడ్డులో పెట్టి, కూరగాయలకి రెండు మైళ్ళు నడిచి వెళ్ళేది, అటో గుర్రం ఇటో గుర్రం. మా ఊళ్ళో మనిషి నడిస్తే కారు పాడైందనే అర్థం. దారిలో ప్రతివాడూ ఆపి "ఆర్ యూ ఓకే మేడమ్?" అని అడిగేవాడు. "ఐ యామ్ ఇన్ పోర్చుగల్" అని ఆవిడ జవాబు. ఇద్దరైతే డాక్టర్‌కి చూపించుకోమన్నారు.

తర్వాత విమానంలో కుక్కల్ని పెట్టే చెక్కపెట్టెలు రెండు వచ్చాయి. ఓ శనివారం వెళ్ళేసరికి గరాజ్‌లో ఒక పెట్టె, పక్కన పోలీసు, పెట్టెలో ఆంటీ. పోస్టావిడ చూసి భయపడి ఫోన్ చేసిందట.

"ఏం చేస్తున్నారాంటీ?"

"లిస్బన్ వెళ్తున్నాన్రా. ఇంకా మూడు గంటలుంది."

"బయటికి రండి, పోలీసున్నాడు!"

"సముద్రం మీద ఉన్నాను, ఎక్కడికి రానూ? ఆయనకి కాఫీ ఇవ్వు."

పోలీసు కాఫీ తాగి, తలుపు గడియ లోపలినుంచి తీయొచ్చో లేదో చూసి వెళ్ళిపోయాడు. ఆంటీ ఎనిమిది గంటలూ పూర్తిచేశాకే బయటికొచ్చి, నడుం పట్టుకుని, నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంది. ఏం రాశారంటే చెప్పలేదు.

నవంబర్‌లో ప్రయాణం. వాషింగ్టన్ ఎయిర్‌పోర్ట్‌ దాకా వ్యాన్ నడపమని నన్నే పిలిచింది. వెళ్ళక తప్పలేదు. బుల్లోడు నన్ను చూసి అరవలేదు, దూకలేదు. దారంతా నా భుజం మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు.

కార్గో ఆఫీసులో చంటి తన పెట్టెలోకి బుద్ధిగా వెళ్ళింది. బుల్లోడు మాత్రం వచ్చి నా పాదాల మీద కూర్చున్నాడు. లాగాం, బతిమాలాం, ఇడ్లీ చూపించాం. కదల్లేదు. కౌంటర్ మనిషి గడియారం చూసి పదిహేను నిమిషాలన్నాడు. ఈ విమానం తప్పితే కుక్కల హెల్త్ సర్టిఫికెట్ గడువు దాటిపోతుంది. ఇంటి తాళాలు పొద్దున్నే ఇచ్చేశాం.

"నేను రాకుండా ఉండాల్సిందాంటీ. నన్ను చూసే వాడిలా..."

"చొక్కా విప్పు" అంది ఆంటీ.

"ఏంటీ?"

"విప్పరా! టైం లేదు."

విప్పాను. దాన్ని తీసుకెళ్ళి పెట్టె లోపల పరిచింది. బుల్లోడు లేచాడు, వాసన చూశాడు, లోపలికెళ్ళి నాలుగుసార్లు చుట్టూ తిరిగి దాని మీద పడుకున్నాడు.

"పెట్టెలో రెండు గంటలు ఉత్త దుప్పటేసుకుని కూర్చున్నాను, ప్రాణం పోయింది" అంది ఆంటీ గడియ వేస్తూ. "తర్వాత ఆరు గంటలూ మీ అంకుల్ స్వెటర్ వేసుకున్నాను. ఏం కాలేదు. చంటికి నా నైటీ చాలు. వీడికి నువ్వు కావాలి. లేకపోతే పెద్ద బండి ఉన్నవాళ్ళే లేరా క్యారీలో? నిన్నెందుకు పిలిచాననుకున్నావు? వాడికి నీ మీద కోపం లేదురా. మూడేళ్ళుగా చూపిద్దామంటే నువ్వు పెరటి గుమ్మం దాటవు."

బనీను మీద, నవంబర్ చలిలో, కార్గో ఆఫీసు ముందు నిలబడి ఆవిడకి దండం పెట్టాను. మూడేళ్ళ బరువు ఒక్కసారిగా దిగిపోయింది. ఐదు గంటలు హీటర్ పెట్టుకుని ఇంటికొచ్చాను.

మూడు వారాలకి ఫోటో వచ్చింది. పోర్చుగల్ ఎండలో బుల్లోడు, కింద నా చొక్కా. కింద మెసేజ్: "వాసన తగ్గుతోంది. ఇంకోటి పంపు. ఉతికావంటే ఊరుకోను."

కొత్త చొక్కా ఒకటి మూడు రోజులు వరసగా తొడుక్కుని తిరిగాను. నాలుగో రోజు నీహారికే దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, కవర్లో పెట్టి, పోస్టాఫీసుకి పట్టుకెళ్ళింది.