మా వదిన ఎంచిన వైరు లేని రంపం

పోయిన శనివారం పొద్దున మా మేనల్లుడు ఫోన్ చేసి, "అత్తా, అమ్మ పోయింది. నిద్రల్నే పోయింది" అన్నాడు. నేను నమ్మలేదు. నలుగురికీ చెప్పకుండా, నలుగురితో వాదించకుండా మా వదిన ఏ పనీ చేసిన మనిషి కాదు. వెళ్లి చూస్తే నిజమే.

సమాధుల తోట దాకా వచ్చిన జనంలో చాలామంది మిషన్ దవాఖానలో ఆమె చేత కట్లు కట్టించుకున్నవాళ్లే. పాస్టరు గారు ఆమె సహనం గురించి మంచి మాటలు చెప్పారు. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. సహనమా! మా వదినకా! ఆడబిడ్డగా ఆమె పక్కన ఇన్నేళ్లు బతికినదాన్ని, నాకు తెలియదా? ఆమెది సహనం కాదు, మొండిపట్టు. ఆ పట్టు మా అందరికీ నీడ ఇచ్చింది. ఆ సంగతి చెప్పాలనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

వదిన ఆపరేషన్ గదిలో నర్సు. కత్తులు, కత్తెరలు చేతికందించే పని. అందుకేనేమో, ఇంట్లోకి కూరగాయల కత్తి కొనాలన్నా పెద్ద తతంగం. వంచి చూసేది, గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకునేది, పిడి పట్టుకుని గాల్లో ఆడించేది. ఆమెతో బజారుకు పోవడమంటే నాకు హడలు. ఒకసారి దుకాణంలో ముసలాయన విసిగిపోయి, "ఏందమ్మా, పెండ్లి సంబంధం చూస్తాన్నవా?" అన్నాడు.

"పెండ్లప్పుడు గింత చూడలే. గందుకే కత్తినన్న చూస్కుంటాన" అంది వదిన. పక్కనే నిలబడ్డ మా అన్నయ్య అందరికంటే ముందు నవ్వాడు. పాపం, ఆయన ఎప్పుడూ అంతే.

ఎనభైల మొదట్లో మేము కొత్తవాడలో అద్దెకుండేవాళ్లం. బడిపంతులైన అన్నయ్య, వదిన, వాళ్ల ఇద్దరు పిల్లలు, మా అమ్మ, నేను. నాకింకా పెళ్లి కాలేదు, టైపు నేర్పే ఉద్యోగం చేస్తున్నాను. ఇంటాయన జంపఖానాలు నేయించేవాడు. కొడుక్కి మగ్గాలు పెట్టించాలని, మిరుగం కార్తె తొలివానలు పడేలోపల ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. ఖిలా వరంగల్ పోయే దారిలో మా సొంత జాగాలో గోడలు లేచాయి. పైకప్పే లేదు. కప్పు పడకముందే వానొస్తే ఆరుగురం ఎక్కడ తలదాచుకోవాలి? ఆ వేసవంతా మా ఇంట్లో వేరే మాట లేదు.

పెంకులు దిగాయి. వాటి కింద పరిచే సన్నటి పట్టెలు కోయాలి. కలప కోత మిషన్ దగ్గరికి పోతే మాకంటే ముందొచ్చిన కలప కుప్పలు పడి ఉంది. కరెంటు వచ్చినంతసేపు వస్తుంది, లేకపోతే లేదు. ఇక వడ్రంగం చేసే వడ్లాయన మా కలపంతా తిరగేసి చూసి, "చేతి రంపంతోనైతే బతుకమ్మ పండుగ దాకా అయితదమ్మా" అని బీడీ ముట్టించాడు. అన్నయ్య ముఖం వాడిపోయింది.

మర్నాడు ముగ్గురం ఇనుప సామాను దుకాణానికి పోయాం. దుకాణాయన గుండ్రటి పళ్ల ఆకు బిగించిన కరెంటు రంపం ఒకటి తీసి చూపించాడు. చేత్తో పట్టుకుని కోయొచ్చట. అన్నయ్య కళ్లు మెరిశాయి.

"దీని వైరు యాడ పెట్టాలె?" అంది వదిన.

"ప్లగ్గుల పెట్టాలమ్మా."

"మా జాగల కరెంటు స్తంభమే లేదు. నీ దుకాణం కాడికెల్లి గుంజుకపోవాల్నా వైరు? వైరు లేని రంపముంటే ఇయ్యి."

"మంచిగున్నది! వైరు లేకుంట రంపం ఎట్ల తిరుగుతదమ్మా? గసొంటిది లోకంల లేదు."

"లేకుంటె మేమే చేసుకుంటం. ఉత్త ఆకు ఒక్కటియ్యి."

నేనూ అన్నయ్యా ముఖాలు చూసుకున్నాం. అన్నయ్య మెల్లగా, "తిప్పేటోడు ఎవడు?" అన్నాడు. "మా తమ్ముని ఇంజన్" అంది. ఆమె తమ్ముడిది మరిపెడ దగ్గర వ్యవసాయం. వేసవిలో బావి ఎండిపోయి, నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్ కొట్టంలో ఊరికే పడి ఉంది. ఆ మాట మాకెవరికీ తట్టలేదు.

దుకాణాయన ఆకులు తెచ్చి పరిచాడు. పెద్దది ముందుకు తోసి, "ఇదైతే జల్ది తెగుతదమ్మా" అన్నాడు. "వేళ్లు సుత జల్దినే తెగుతయి" అని వదిన దాన్ని వెనక్కి తోసింది. కోత మిషన్ల దగ్గర వేళ్లు పోగొట్టుకుని వచ్చినవాళ్లను ఎంతమందిని చూసిందో ఆమె! మరొకటి నడుమ రంధ్రంలో వేలు దూర్చి వేలాడదీసి, స్క్రూడ్రైవరుతో తట్టింది. బొంగురుగా పలికింది. "దీంట్ల ఎక్కడో పగులున్నది" అని పక్కన పెట్టేసింది. ఇంకొకటి, అన్నిటికంటే చిన్నది, గంటలాగా మోగింది. పళ్ల మీద వేలు ఆనించీ ఆనించకుండా తిప్పి చూసుకుని, "మన పట్టెల మందానికి ఇది సాలు" అంది. బేరం సంగతి ఇక్కడ రాయను, దుకాణాయన ఆత్మ క్షోభిస్తుంది.

తమ్ముడు ఇంజనును ట్రాక్టరు మీద మా జాగాకు తెచ్చాడు. భూమిలో దుంగలు పాతి, దాన్ని వాటికి బోల్టులతో బిగించాడు. కమ్మరి ఆకు తిరిగే ఇరుసూ, కలప తోసే బల్లా చేసిచ్చాడు. ఇంజను చక్రం నుంచి ఇరుసు చక్రానికి బెల్టు వేశారు. ఆకు మీదికి ఇనుప మూత కూడా చేయించేదాకా వదిన ఇంజను ముట్టుకోనియ్యలేదు. "నువ్వు దవాఖాన్ల పనిజేస్తన్నవా, పోలీస్ ఠాణల చేస్తన్నవా అక్కా?" అన్నాడు తమ్ముడు. "జర నోరు మూస్కొని పంచె ఇడిసి ప్యాంటు తొడుక్కో. పంచె కొస బెల్టుల పడ్డదంటే నిన్ను కుట్టుడు నా తోని కాదు" అంది. గుణుక్కుంటూ తొడుక్కున్నాడు.

మొదలుపెట్టిన రోజు వాడకట్టంతా వచ్చింది. మా ఇంటాయన కూడా చూడడానికి వచ్చాడు. ఇంజను టకటకలాడింది, ఆకు గిర్రున తిరిగింది. వడ్లాయన చెక్కను తోశాడు. తెగితే కదా! పొగ లేచింది, చెక్క నల్లగా మాడింది. తమ్ముడు అలవాటు కొద్దీ ఇంజనును, బావి దగ్గర పంపుకు ఎట్లా బిగిస్తాడో ఇక్కడా అటువైపే బిగించాడు. ఆకు ఉల్టా తిరుగుతోంది.

"మాస్టారూ, ఇది రంపమా, పొయ్యా?" అన్నాడు ఇంటాయన అన్నయ్యతో. అందరూ పగలబడి నవ్వారు. అన్నయ్య ఇటుకల కుప్ప మీద కూలబడ్డాడు. ఆకాశంలో అప్పటికే మబ్బులు తిరుగుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా.

"ఆకు తీసి తిప్పి బిగిస్తె అయిపాయె" అన్నాడు వడ్లాయన.

"ఉల్టా తిరుగుతాంటె నట్టు ఊడి ఆకు ఎగిరితే? ఎవని మెడ మీద పడ్తదో!" అని వదిన ఒప్పుకోలేదు. దుంగలు తవ్వి ఇంజను ఇటు తిప్పి మళ్లీ పాతాలంటే ఎన్నాళ్లు పడుతుందో తమ్ముడికే తెలియదు.

వదిన ఇంజను ఆపించింది. బెల్టు వైపు చూస్తూ నిలబడింది. ఆమె కుడిచెయ్యి ఎడమ మణికట్టు చుట్టూ ఉత్తగాలిలో తిరుగుతోంది, కట్టు కడుతున్నట్టు. ఉన్నట్టుండి, "ఓరి దేవుడా! నొప్పివెట్టిన మణికట్టుకు కట్టు నేనెట్ల కడ్త? అడ్డంగ దాటిచ్చి, ఎనిమిది అంకె లెక్క గదా!" అని కేకేసింది. బెల్టు ఊడదీయించి, నడుమ ఒక్క మెలిక తిప్పి చక్రాలకు ఎక్కించమంది. తమ్ముడు చేత్తో ఇంజను చక్రం తిప్పి చూశాడు. ఆకు సీదా తిరిగింది!

ఇక ఆ కోత చూడాలి! చెక్క ఆ చివర నుంచి ఈ చివరకు చీలిపోయింది. పొట్టు వచ్చి వడ్లాయన మీసాల నిండా పడింది. వదిన "స్తోత్రం!" అని అరిచి, ఎదురుగా ఉన్న ఇంటాయన భుజమ్మీద ఒక్కటి చరిచింది. పిల్లలు ఈలలు. అన్నయ్య ఇటుకల కుప్ప మీంచి లేచొచ్చి, తెగిన పట్టెను రెండు చేతులా పైకెత్తాడు. నాకైతే కాకతీయుల కోట మేమే కట్టినంత గర్వమనిపించింది, ఎందుకు దాచాలి?

సాయంత్రం పని ఆపాక వదిన అందరినీ వరసగా నిలబెట్టి చేతులు చాపించేది. "వేళ్లన్ని ఉన్నయా? ఉంటెనే పనైనట్టు" అనేది. మా కలప అయిపోకముందే పక్క జాగాలవాళ్లు తమ కలప మోసుకొచ్చారు. తమ్ముడు తిరిగి ఊరికి పోయేలోపు మాతోపాటు ఇంకెన్నో ఇళ్లకు పట్టెలు తెగాయి. ఎవరి వేలికీ గీత పడలేదు.

ఆఖరి వరస పెంకులు పరిచిన సాయంత్రమే గాలి దుమారం లేచింది. సామాను ఇంకా సగం కొత్తవాడలోనే ఉంది. ఉన్న చాపలు పరుచుకుని అందరం లోపల కూర్చున్నాం. వాన దబదబా దంచింది. అన్నయ్య తలెత్తి పెంకుల సందులన్నీ వెతికాడు. ఒక్క చుక్క రాలలేదు. సంతోషంలో వదిన ఏదని చూస్తే లోపల లేదు.

బయట, ఆ కుండపోత వానలో, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఇంటిని చూస్తోంది. జుట్టంతా ముఖానికి అతుక్కుపోయింది. "తడుస్తాన్నవ్ గదనే, లోపలికి రా!" అని అమ్మ గుమ్మంలోంచి అరిచింది.

"తడవనియ్యె అత్తమ్మా! ఇగ వచ్చి ఆరబెట్టుకునేతందుకు నాకు ఇల్లున్నది!" అంది వదిన, కదలకుండా, మొహమంతా నవ్వుతో, నోట్లోకి వాన పడుతుంటే.